పాలిష్ పట్టని బల్ల

మంగళవారం పొద్దున ఆవిడ కూర్చున్న కుర్చీ అమ్ముడుపోయింది. అమ్ముడుపోయేటప్పటికి ఆవిడ ఇంకా అందులోనే ఉంది, ఒళ్ళో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తూ. గుమ్మంలోకి వచ్చిన కొత్తమనిషి ఆవిడ మొహం వైపు కాకుండా వీపు వెనకాల ఉన్న చెక్కడం వైపు చూసి, "ఇదే, ఫొటోలో చూసింది ఇదే" అన్నాడు.

"కొంచెం లేవ్వోయ్" అన్నాడు ఆవిడ భర్త.

లేచింది. చిక్కుడుకాయలు కొంగులో మూటగట్టుకుని గోడవారకి జరిగింది. కొత్తమనిషి కూర్చుని చూశాడు, వెనక్కి వాలి చూశాడు, కుర్చీ చేతుల మీద అరచేతులు రాసి చూశాడు. "ఏం నునుపండీ మాస్టారూ!" అన్నాడు. ఆ నునుపు నాలుగు రోజులు గరుకు కాగితం పట్టుకుని తోమిన ఆవిడది. అయినా మెచ్చుకోలు ఎప్పుడూ ఆఖర్న పాలిష్ పెట్టినవాడికే పోతుంది, ఈ పనిలో అది మామూలే. దాని గురించి బాధపడటం ఆవిడ ఎప్పుడో మానేసింది. కుర్చీ గుమ్మం దాటాక, మిగిలిన కాయల ఈనెలు వంటింట్లో నిలబడి తీసింది.

ఆ ఇంట్లో అంతే. ఎక్కడెక్కడి పాత సామానో వస్తుంది, విరిగిన కాళ్ళతో, చెదలు తిన్న అడుగులతో, ఒకదాని మీద ఒకటి నాలుగు రంగులు పూసుకుని. ఇద్దరూ కలిసి దాన్ని మనుషుల్లో పడేస్తారు. ముందుపని ఆవిడది: కడగడం, రంగు గీకడం, తోమడం. వెనకపని ఆయనది: కీళ్ళు బిగించడం, జిగురు పెట్టడం, లక్క పాలిష్ పట్టించడం. బీరువా తలుపు బెంచీ అయిపోతుంది. కుట్టుమిషను కాళ్ళకి పలక బిగిస్తే, ఎవరింటి వరండాలోనో పూలకుండీలు మోస్తూ దర్జాగా నిలబడుతుంది. అవగానే ఆయన ఫొటో తీస్తాడు, ఎవరో ఒకరు వస్తారు, పట్టుకుపోతారు. వేసవిలో మంచం కూడా అలాగే పోయింది. పక్క దులిపి చుడుతూ "మరి మనం?" అని ఆవిడ అడిగితే, "ఇంకోటి రాకపోతుందా, అందాకా నేల చల్లగా ఉంటుంది" అన్నాడు. ఆయనకి ఇందులో నవ్వులాట తప్ప ఇంకేమీ కనపడదు. ఆడపడుచు కూడా ఫోన్ చేసినప్పుడల్లా, "వదినా, మీ ఇంటికొస్తే కూర్చోమంటారా, కొనుక్కోమంటారా?" అని ఆటపట్టిస్తుంది. ఆవిడా నవ్వుతుంది. ఏం చేస్తుంది మరి?

భోజనం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన పని వెనక వరండాలో. కంచం అక్కడికే వెళ్తుంది. "ఆ పక్కన పెట్టెయ్" అంటాడు, తల ఎత్తకుండానే. జిగురు ఆరేలోపు నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కుంటాడు. ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే, కోపాల్లేవు, తగాదాల్లేవు. కాకపోతే ఎదురెదురుగా కూర్చోవడానికి ఒక చోటు లేదు, కూర్చోవాలన్న ఆలోచన ఆయనకి రాదు.

బల్ల వచ్చింది కూడా ఆ మంగళవారం మధ్యాహ్నమే. ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల, నిఖార్సయిన టేకు. మోసుకొచ్చిన ఇద్దరు కూలీలకీ ట్రాలీ డ్రైవరుకీ నాలుకలు బయటపడ్డాయి. పైన ఆకుపచ్చ రంగు, పెచ్చులూడిన చోట మీగడరంగు, దాని కింద ఇంకేదో. వెనక వరండాలోకి తీసుకెళ్ళబోతే తలుపులో ఇరుక్కుంది. అడ్డంగా తిప్పారు, నిలువుగా ఎత్తారు, డ్రైవరు ఆ తలుపు పెట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు.

"కాళ్ళూడదీస్తే తప్ప పోదు మాస్టారూ" అన్నాడు చివరికి.

"ఊడదీస్తే మళ్ళీ అలా బిగించే మొనగాడెవడు? పాతకాలం కీళ్ళు. హాల్లోనే ఉండనీ."

హాల్లోనే ఉండిపోయింది. ఉండిపోయిందంటే, పని అయ్యేదాకానే. అప్పటికే దాన్ని ఒకరు మాట్లాడుకున్నారు కూడా. రిటైరైన పెద్ద టీచరమ్మ ఒకరు పాత సామాన్ల కొట్లో దాన్ని చూసి మనసు పడి, కూతురి కొత్త ఇంటికి వచ్చే శుక్రవారానికల్లా తయారుచేసి ఇమ్మన్నారు.

బుధవారమంతా ఆవిడ రంగు గీకింది. రంగు ఊడగొట్టే మందు పూసి, అది బుడగలు బుడగలుగా ఉబ్బేదాకా ఆగి, రేకు ఏటవాలుగా పట్టుకుని తోస్తే ఆకుపచ్చ తొక్క పొడుగ్గా లేచి వస్తుంది. తొందరపడి రేకు నిలువుగా పట్టుకున్నామో, చెక్క గీరుకుపోతుంది. ఆకుపచ్చ పోయింది, మీగడరంగు పోయింది, దాని కింద ఎవరో మహానుభావుడు పూసిన నీలం పోయింది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా మందు ఘాటుకి కళ్ళు నీళ్ళు కారాయి. సాయంత్రానికి చెక్క అసలు ఒళ్ళు బయటపడింది. తేనెరంగు, నల్లటి సన్నటి చారలు. గురువారం పొద్దున్నే లేచి గరుకు కాగితం అందుకుంది. ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మధ్యమధ్య కళ్ళు మూసుకుని అరచెయ్యి నడిపిస్తుంది. ఎక్కడ ఇసుకరేణువంత గరుకు మిగిలినా ఆ అరచేతికి తెలిసిపోతుంది. అది ఆయన కూడా ఒప్పుకుంటాడు. "నా కళ్ళజోడు కంటే నీ చెయ్యే నయం" అంటాడు.

ఆ గురువారం మధ్యాహ్నమే మొదలైంది అసలు కథ. బల్ల కాలొకటి కదులుతుంటే ఆయన జిగురు పెట్టి, క్లాంపు బిగించాడు. పావుగంటకోసారి క్లాంపు మరలు ఇంకాస్త తిప్పుతూ ఉండాలి, లేకపోతే కీలు వదులైపోతుంది. కాబట్టి వరండాలోకి వెళ్ళడానికి లేదు. ఆవిడ కంచం తెచ్చి ఎటు పెట్టాలో తోచక నిలబడింది.

"దీని మీదే పెట్టెయ్" అన్నాడు, పాత పేపరొకటి బల్ల మీద పరుస్తూ. "ఇంకా పాలిష్ పెట్టలేదు కదా, ఏమీ కాదు. నువ్వూ తెచ్చుకోరాదూ?"

ఆ మాట ఆయన ఊరికే అన్నాడు. ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్ళి, కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగి తెచ్చుకుంది. నవ్వొస్తుంది కానీ నిజం. ఆయనకి ఒక స్టూలు దొరికింది, ఆవిడ రంగుడబ్బా బోర్లించుకుంది. కూర్చున్నారు. మొదట ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు. పెళ్ళిచూపులనాడు కూడా ఇంత ఇబ్బంది లేదు. కాసేపటికి ఆయన బల్లకాలి కీలు గురించి ఏదో చెబుతూ నవ్వాడు. నవ్వినప్పుడు ఆవిడ చూసింది, కింది వరసలో ఒక పన్ను లేదు.

"అదేంటండీ, ఆ పన్నేది?"

"ఏ పన్ను? ఓ, అదా! ఊడిపోయింది."

"ఎప్పుడు?"

"ఆర్నెల్లవుతుందేమో. వాచి వాచి, ఒకరోజు చేతిలోకొచ్చేసింది."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"నువ్వడగలేదు కదా" అన్నాడు, ఎత్తిపొడుపేమీ లేకుండా. లేచి క్లాంపు మర ఒక చుట్టు తిప్పి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఆర్నెల్లు! ఒకే ఇంట్లో ఉంటూ ఆర్నెల్లు ఈ మనిషి నోట్లో పన్ను లేదన్న సంగతి తనకి తెలియదు. పైకి మాత్రం, "ఏ పక్క నములుతున్నారు మరి?" అంది. ఆ పూట ఆయన అరగంట కూర్చున్నాడు. క్లాంపు ధర్మమా అని.

శుక్రవారం పాలిష్. ఇది ఆయన పూజ, ఇందులోకి ఇంకొకళ్ళు చెయ్యి పెట్టకూడదు. స్పిరిట్‌లో రాత్రంతా నానిన లక్కని పల్చటి గుడ్డలో వడగట్టాడు. దూదిని ఉండచేసి మెత్తటి నూలుగుడ్డలో మూటకట్టి, లక్కలో ముంచి, ఒక చుక్క నూనె తగిలించి, సున్నాలు చుట్టుకుంటూ పట్టించాడు. ఎక్కడా చెయ్యి ఆగకూడదు, ఆగితే అక్కడ మచ్చ. ఒక పొర, ఆరనివ్వడం, ఇంకో పొర. మధ్యాహ్నానికి బల్లలో కిటికీ నీడ కనిపించసాగింది. ఆ పూట కంచం వరండాలోకే వెళ్ళింది. "ఆ పక్కన పెట్టెయ్" అన్నాడు. తిని, మేకులు కావాలని బజారుకి పోయాడు.

ఆవిడ పెరట్లో బట్టలు పిండి, తడి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికొచ్చేసరికి ఫోన్ మోగింది. ఆడపడుచు. చెయ్యి ఖాళీ చేసుకోవడానికి తువ్వాలు పక్కన పెట్టి మాట్లాడింది. ఆ పక్కన ఉన్నది బల్ల అన్న స్పృహ లేదు. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేస్తే కదా! అరగంట తర్వాత తువ్వాలు తీసి చూసింది. దాని కింద పాలిష్ అంతా తెల్లబడిపోయింది, పాలు ఒలికి ఎండినట్టు. పచ్చి లక్కకి నీళ్ళు పడవని ఆవిడకి తెలియక కాదు.

ఆయన వచ్చాడు. చూశాడు. "వెధవలు! స్పిరిట్‌లో నీళ్ళు కలిపారు!" అని కొట్టువాణ్ణి దుమ్మెత్తిపోశాడు.

"ఏమండీ..." అంది ఆవిడ.

"ఇప్పుడిదంతా తుడిచెయ్యాలి. చెక్క ఒక రోజంతా గాలికి ఆరాలి. ఆదివారానికి గానీ మళ్ళీ ముట్టుకోవడానికి లేదు. ఏం చేస్తాం, రేపటి భోజనం కూడా దీని మీదే."

ఆవిడ తువ్వాలు తీసుకెళ్ళి దండెం మీద ఆరేసింది.

శనివారం ఆవిడ పేపరు ముందే పరిచి ఉంచింది. ఎక్కడినుంచో ఇంకో స్టూలు కూడా వెతికి తెచ్చింది. ఆయన వచ్చి కూర్చుని, అడగకుండానే మాటల్లో పడ్డాడు. పని నేర్చుకునే రోజుల్లో పెద్దమేస్త్రి చెప్పుల మీద జిగురు ఒలకబోసి, చెప్పకుండా ఊరుకున్నాడట. పెద్దమేస్త్రి చెప్పుల్లో కాళ్ళు పెట్టి అడుగు వెయ్యబోతే చెప్పులు కదల్లేదు, మనిషి మాత్రం ముందుకెళ్ళి రంపపు పొట్టులో బోర్లాపడ్డాడు. "నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు, 'జిగురు బాగా కలిపావురా' అన్నాడు" అని చెప్పి ఆయన పొలమారేలా నవ్వాడు. ఆవిడకి కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ కథ ఎప్పుడూ వినలేదు. ఆ పూట రెండోసారి కూర వడ్డించుకుని తింది. నిలబడి తినేటప్పుడు రెండోసారి వడ్డించుకోవడం ఆవిడకి అలవాటు లేదు.

ఆదివారం కొత్త స్పిరిట్‌తో కొత్తగా పాలిష్ మొదలైంది. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చొక్కా విప్పి పని చేశాడు. మధ్యాహ్నం కంచం వరండాలోకి. "ఆ పక్కన పెట్టెయ్." సాయంత్రం గోడ అల్మారా ఒకటి ఎవరికో అప్పజెప్పడానికి ట్రాలీ ఎక్కి వెళ్ళాడు.

ఇంట్లో ఆవిడా, బల్లా. బల్ల అద్దంలా మెరుస్తోంది. ఇంక ఒకటి రెండు పొరలు, అంతే. తర్వాత శుక్రవారం, తర్వాత హాలు ఖాళీ, తర్వాత వంటింటి గట్టు. చాలాసేపు దాని ముందు నిలబడింది. పెరట్లోకి వెళ్ళింది. బకెట్లో తువ్వాలు ముంచింది, పిండింది, మరీ గట్టిగా పిండలేదు. తీసుకొచ్చి బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా నాలుగు మూలలా సరిచేసింది. సిగ్గేసింది. తను రెండు రోజులు గీకి తోమిన చెక్క అది, తన ఒంటిమీద తనే ఉమ్మేసుకున్నట్టుంది. తీసెయ్యాలని రెండుసార్లు చెయ్యి ముందుకెళ్ళింది. ట్రాలీ చప్పుడు వినపడేదాకా తియ్యలేదు.

సోమవారం కలిసి తిన్నారు. అప్పటికి ఆయన లక్కని అనుమానించాడు. "పాత సరుకు అంటగట్టి ఉంటాడు" అన్నాడు. అయినా మాటలకేం లోటు రాలేదు. మేడ మీదావిడ మొక్కలకి నీళ్ళు పోస్తే ఆ తేమ దిగి వస్తోందేమోనని కాసేపు సీలింగు కేసి చూశాడు, నవ్వాడు, భార్య చేతి కూర బాగుందన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఎంత పాపమైనా చేయొచ్చనిపించింది ఆవిడకి. మంగళవారం కొత్త లక్క వచ్చింది, కొత్త దూది వచ్చింది, కొత్త నూలుగుడ్డ వచ్చింది. పాలిష్ అయింది. ఆయన కాళ్ళకి చెప్పులు తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళేసరికి తువ్వాలు బల్ల మీదికొచ్చింది. ఈసారి చెయ్యి వెనక్కి తియ్యాలని కూడా అనిపించలేదు.

తెల్లబడ్డ బల్లని చూసి ఆయన ఈసారి ఎవర్నీ తిట్టలేదు. కుళాయి దగ్గరికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. పౌడరు రాసుకుని, అరచేతులు వెలుతురుకి పెట్టి చూసుకుంటూ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఆవిడ పేపరు పరిచి, రెండు కంచాలూ పెట్టింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. అన్నం కెలుకుతున్నాడే తప్ప నోట్లోకి పోవడం లేదు. కోరుకున్నట్టే ఎదురెదురుగా ఉన్నారు, బల్ల ఉంది, కంచాలున్నాయి. మనిషే అక్కడ లేడు.

"కూర బాగాలేదా?"

"బాగుంది."

ఆయన కంచం పక్కకి జరిపాడు. "చెమట పట్టే చేతికి లక్క లొంగదనేవాడు మా మేస్త్రి. వయసు మీదపడితే కొందరికి అరచేతుల్లో చెమట పుడుతుందట. ఆయన కూడా అలాగే మానేశాడు." అరచేతులు బోర్లించి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "టీచరమ్మగారికి ఇవాళ ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పేస్తాను. మా బావ షోరూంలో కూర్చోమని ఎప్పట్నించో అంటున్నాడు కదా. వచ్చినవాళ్ళకి సోఫాలు చూపించడం. ఇంక ఈ చేతులతో అయ్యేది అదే."

ఆయన గొంతు అలా ఉండగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఆయనకున్నది ఆ చెయ్యొక్కటే. దాని మీదే తను తడి తువ్వాలు పరిచింది.

"మీ చేతులకేం కాలేదండీ" అంది. "నేనే."

"ఏం నువ్వే?"

"నేనే తడి తువ్వాలు వేశాను. బల్ల మీద."

ఆయన తల ఎత్తి చూశాడు. "తడి తువ్వాలా?"

"ఊఁ."

"మూడుసార్లూ?"

"మొదటిసారి పొరపాటున. తర్వాత రెండుసార్లూ కావాలనే." ఇంక ఆగితే మాట రాదని గబగబా అనేసింది. "తెల్లబడితే మీరు తుడిచేస్తారు, చెక్క ఆరేదాకా ఉంచుతారు, మనం దీని మీద కలిసి తినొచ్చు. అందుకు. మీరు మాట్లాడతారని. నాకు ఒక్కదానికి తినబుద్ధి కావట్లేదండీ."

కోప్పడతాడని చూసింది. కంచం విసిరికొడతాడేమో, కొడితే కొట్టనీ అనుకుంది. ఆయన రెండు చేతులూ మొహం ముందుకి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి, పోయిన వస్తువు దొరికినవాడిలా చూసుకున్నాడు.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట!" అన్నాడు. "లక్క బాగానే ఉంది. స్పిరిట్టూ బాగానే ఉంది. నీ అసాధ్యం కూలా! ఎంత హడలగొట్టావే! రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు!" నవ్వు తన్నుకొచ్చేస్తోంది ఆయనకి. అన్నం సగంలో వదిలేసి లేచాడు. "పద పద, ఎల్లుండి శుక్రవారం. ఇప్పుడు మొదలెడితే రేపటికయిపోతుంది."

"ఎందుకు చేశానో విన్నారా?"

"విన్నా, విన్నా. చిన్నపిల్లలా ఏంటోయ్ అది! తిందాంలే, తిండి ఎక్కడికి పోతుంది?" అంటూ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

రెండు కంచాల ముందు ఆవిడొక్కతే మిగిలింది. తనది తింది. ఆయన వదిలేసింది తీసేసింది. పేపరు మడిచింది, బల్ల ఖాళీ చేసి ఇచ్చింది.

గురువారమంతా ఆయన ఈల వేస్తూ పని చేశాడు. ఆ చెయ్యి అంత తేలిగ్గా నడవడం ఆవిడ కూడా ఎన్నడూ చూడలేదు. పొర మీద పొర, ఎక్కడా జంకు లేదు. మధ్యలో ఫోనొస్తే చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "మీ వదిన ఏం చేసిందో తెలుసా? బల్లకి స్నానం చేయించింది! ఒకసారి కాదమ్మా, మూడుసార్లు!" అని చెల్లెలికి చెప్పి విరగబడి నవ్వాడు. అవతల ఆడపడుచు నవ్వు హాలంతా వినపడింది. ఆవిడ వంటింట్లో గిన్నె తోముతోంది. ఒళ్ళు మండింది, వెంటనే నీరసం వచ్చింది. ప్రాణం పోయినంత పనై బయటపెట్టుకున్న మాట, వాళ్ళకి కాలక్షేపం అయిపోయింది.

శుక్రవారం పదింటికి ట్రాలీ వచ్చింది, వెనకాలే ఆటోలో టీచరమ్మ వచ్చారు. చిన్న మనిషి, తెల్ల జుట్టు, గొంతు మాత్రం చివరి బెంచీదాకా వినపడేది. బల్ల చుట్టూ తిరిగి, కింద వంగి కాళ్ళు చూసి, పైన అరచెయ్యి రాసి, "ఈ నునుపెవరిది?" అన్నారు.

"మా ఆవిడే తోమిందండీ. పాలిష్ నాది" అన్నాడు ఆయన. ఉత్సాహం ఆపుకోలేక, "ఈ బల్లకో పెద్ద కథ ఉంది మేడం" అని మొదలుపెట్టాడు. స్పిరిట్ మార్చడం, లక్క మార్చడం, చేతులకి పౌడరు, అన్నీ చెప్పాడు. "తీరా చూస్తే ఈవిడగారు! నేనటు పోగానే తడి తువ్వాలు పరిచెయ్యడం!"

డ్రైవరు పగలబడి నవ్వాడు. కూలీలు నవ్వారు. ఆవిడ కూడా అలవాటుగా నవ్వబోయింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ వైపు తిరిగారు.

"ఎందుకమ్మా?"

ఇన్నాళ్ళకి ఆ మాట ఒకరు అడిగారు. కథ విన్నవాళ్ళంతా నవ్వారు గానీ ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పాలిష్ అవకపోతే, మేమిద్దరం దీని మీద కూర్చుని తినొచ్చని."

"మామూలుగా ఎక్కడ తింటారు?"

"ఈయన వెనక వరండాలో తింటారండీ."

టీచరమ్మ తల ఊపి, ఆయన వైపు చూశారు. కోపంగా ఏమీ లేదు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసినట్టుగానే అడిగారు.

"మరి ఈవిడ ఎక్కడ తింటుంది బాబూ?"

ఆయన వెంటనే జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. హాలు కేసి చూశాడు, వంటింటి గుమ్మం కేసి చూశాడు, భార్య కేసి చూశాడు. ఆవిడ అందించలేదు. అందించాలని కూడా అనిపించలేదు, తనకీ వినాలనే ఉంది. డ్రైవరు తాడు చుట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

"వంటింట్లోనే... వంటింట్లోనేమోనండీ" అన్నాడు.

ఆ 'నేమో' అన్న మాట అన్నాక ఆయనకే వినపడింది. మొహంలో రంగు దిగిపోయింది. టీచరమ్మ ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేశారు. బల్ల వద్దని అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు, కూతురు ఎదురు చూస్తోంది. "జాగ్రత్తగా ఎత్తండి నాయనా" అన్నారు. పాత దుప్పట్లు చుట్టి, తాళ్ళు బిగించి, ముగ్గురూ కలిసి ఎత్తారు. ఆయన కూడా ఒక పక్క పట్టాడు. గుమ్మంలో ఒరుసుకోకుండా బయటపడింది. ట్రాలీ మలుపు తిరిగి వెళ్ళాక, హాల్లో బల్ల ఉన్న మేర నేల మిగతా నేల కంటే శుభ్రంగా కనిపించింది. ఆవిడ చీపురు తెచ్చి మొత్తం ఊడ్చేసింది.

ఒంటిగంటకి కంచం పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళింది. ఆయన అక్కడ లేడు. చిత్రిక బల్ల మీద కళ్ళజోడుంది, ఉలి ఉంది. మరుగుదొడ్డి తలుపు తీసే ఉంది. "ఏమండీ" అని పిలిస్తే పలుకు లోపల్నుంచి వచ్చింది.

వంటింట్లో ఉన్నాడు. మనిషి ఆ గదిలో పూర్తిగా నిలబడటం ఆవిడ చూసి ఎన్నాళ్ళయిందో. పొయ్యి వైపు చూస్తున్నాడు, గిన్నెల అర వైపు చూస్తున్నాడు, ఏదో వెతుకుతున్నట్టు.

"ఏం కావాలి?"

"ఎక్కడ నిలబడతావు?"

ఆవిడ కంచం పట్టుకున్న చేత్తోనే చూపించింది. పొయ్యికీ మూలగోడకీ మధ్య, గట్టు ఆఖర్న. ఆయన వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. ముందు గోడ. గోడకి నూనె మరకలు. కిటికీ పొయ్యికి అవతల, అక్కణ్ణుంచి అందదు. గుమ్మం వీపు వెనకాల.

"ఇక్కణ్ణుంచి ఏమీ కనపడదే" అన్నాడు.

"కనపడదు."

ఆయన కంచం అందుకుని గట్టు మీద పెట్టుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు, గోడ వైపు చూస్తూనే. ఆవిడ తన కంచంలో వడ్డించుకుంది. వడ్డించుకున్నాక చూస్తే నిలబడటానికి చోటు లేదు, ఆవిడ చోట్లో ఆయనున్నాడు. కంచం పట్టుకుని అలాగే నిలబడింది. ఏం చేస్తోందోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అర్థమైంది. గబుక్కున మూలకి జరిగాడు. మోచెయ్యి గోడకి కొట్టుకుని చేతిలో ముద్ద గట్టు మీద పడింది. ఆవిడ వచ్చి ఆ మిగిలిన జానెడు చోట్లో భుజం ఒదిగించి, కంచం అంచు మాత్రం గట్టుకి ఆనించి నిలబడింది. తినాలంటే ఒకరు చెయ్యి కదిపేటప్పుడు రెండోవాళ్ళు ఆగాలి.

"ఇంత ఇరుకేంటి! రోజూ ఇంతేనా?" అన్నాడు.

"రోజూ నేనొక్కదాన్నే కదండీ" అంది ఆవిడ. "సరిపోతుంది."